సర్ రోనాల్డు రాస్

పూర్వము మన్నెపు సీమలలో కాపురము చేయుటకు మైదానపు జనులు వెఱచెడివారు. పులికన్నను పాముకన్నను వారికి ఎక్కువ భయము గొలిపినది చలిజ్వరము. ఆ జ్వరము వచ్చినవాడు ముందుగా గజగజ వణకును. నాలుగు దుప్పట్లు కప్పినను వానికి చలి తీరదు. పిమ్మట ఒడలు పెనమువలె కాగును. కొంతసేపటికి చెమటలు కాఱి జ్వరము విడుచును. రోగి హమ్మయ్య యనుకొనునంతలో మఱల అదే వణకు, అదే తాపము. ఈ విధముగ కొన్నాళ్లు జరుగగా రక్తము విఱిగి మనిషి పాలిపోవును. చెడునీటివలన ఈ రోగము వచ్చునని కొందఱు, చిత్తడినేలలనుండి లేచు విషవాయువువలన వచ్చునని కొందఱు తలచిరి. మలేరియా యను పేరునకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే యర్థము.

వేలయేండ్లుగా మానవజాతిని పీడించిన ఈ వ్యాధి దోమలవలన సంక్రమించునని నిరూపించు మార్గము మొదట తెఱచినవాడు సర్ రోనాల్డు రాస్. ఆ పరిశోధనలోని ముఖ్యఘట్టము జరిగినది మన సికిందరాబాదులోనే. ఆయన అంతటితో ఆగలేదు. ఒక రోగము ఒక ఊరిలో ఏల పెరుగును, ఏల తగ్గును, ఎప్పుడు నశించును అను ప్రశ్నలకు గణితముతో సమాధానము వెదకి, ఒక క్రొత్త శాస్త్రమునకు పునాది వేసెను. మొదటి పని ఆయనకు కీర్తి తెచ్చినది. రెండవదాని విలువను లోకము చాల ఆలస్యముగ తెలిసికొన్నది.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదిని హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. దానికి మూడుదినములు ముందే మీరటులో సిపాయిలు తిరుగుబాటు జెండా నెత్తిరి. తండ్రి ఆంగ్ల సైన్యమున ఉద్యోగి. పదిమంది సంతానములో రోనాల్డు పెద్దవాడు. ఆ కాలపు ఆంగ్ల కుటుంబముల ఆచారము ననుసరించి, ఎనిమిదేండ్ల ప్రాయముననే అతనిని తల్లిదండ్రులు ఇంగ్లండునకు పంపిరి. అచట వైట్ దీవియందు బంధువుల యింట అతడు పెరిగెను. బొమ్మలు గీయుట, పద్యములు వ్రాయుట, సంగీతము కూర్చుట అతని కిష్టములు. గణితమునందును అతనికి చక్కని ప్రవేశముండెను. పదునాలుగేండ్ల వయస్సున గణితమునకు బహుమతిగా ఒక ఖగోళశాస్త్ర గ్రంథము నందుకొనెను.

చిత్రకారుడు కావలెనని బాలుని కోరిక. వైద్యుడై హిందూదేశమున కొలువు చేయవలెనని తండ్రి పట్టుదల. కడపట తండ్రి మాటయే నెగ్గెను. 1874లో రాస్ లండనులోని సెయింటు బార్తొలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. మనసు లేని చదువు గనుక అది మందముగ సాగెను. కొంతకాలము ఓడలపై వైద్యుడుగా పనిచేసి, 1881లో హిందూదేశ వైద్యోద్యోగులలో ఒకడుగా చెన్నపట్టణమునకు వచ్చెను.

ఉద్యోగమున తీరిక యెక్కువ. ఆ తీరికవేళలలో ఆయన కథలు, కావ్యములు వ్రాసెను. గురువెవ్వరును లేకయే గణితగ్రంథములు తెప్పించుకొని అభ్యసించెను. సాటి యుద్యోగులకు అది వింతగా తోచియుండును. కాని నాడు వినోదమునకై నేర్చిన ఆ గణితమే పిదప ఆయన చేతి కాయుధమైనది. 1883లో బెంగుళూరున నున్నపుడు ఆయన బసలో దోమల బాధ దుర్భరమయ్యెను. కారణము వెదకగా కిటికీ దాపున నున్న నీటితొట్టిలో దోమపిల్లలు లుకలుకలాడుచుండెను. తొట్టి బోర్లించినంతనే దోమలు తగ్గెను. నిలువనీరు లేనిచోట దోమలు పెరుగవను సంగతి ఆయన మనస్సున నాటుకొనెను.

1888లో రాస్ సెలవుపై ఇంగ్లండు వెళ్లి, ప్రజారోగ్యశాస్త్రమున పట్టము పొందెను. సూక్ష్మజీవులను గూర్చి శిక్షణ నందెను. మఱుసటి యేట రోజా బెస్సీ బ్లాక్సం అను యువతిని వివాహమాడి ఆమెతో తిరిగి వచ్చెను. వారికి డరోతి, సిల్వియా అను ఇరువురు కుమార్తెలును, రోనాల్డు కాంబెల్, చార్లెసు అను ఇరువురు కుమారులును కలిగిరి. తఱచు బదిలీలు, రోగభయము, పరిశోధనలో మునిగి దినములు మఱచు భర్త, వీటి నడుమ రోజా సంసారమును నడపుకొని వచ్చెను.

ఇంతలో విజ్ఞానలోకమున రెండు విశేషములు జరిగియుండెను. 1880లో అల్జీరియాయందు లావెరాను అను ఫ్రెంచి వైద్యుడు మలేరియా రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అంతకు మూడేండ్ల ముందు చైనాలో నున్న పాట్రికు మేన్సను అను వైద్యుడు బోదకాలు క్రిమి దోమ శరీరములో పెరుగుచున్నదని చూపెను. 1894లో రాస్ మఱల సెలవుపై లండను వెళ్లి మేన్సనును కలిసికొనెను. లావెరాను చెప్పిన జీవిని రాస్ అంతవఱకు నమ్మలేదు. మేన్సను దానిని సూక్ష్మదర్శినిలో ఆయనకు కన్నులార చూపెను. ఈ జీవియు దోమ శరీరమున ప్రవేశించి పెరుగుచుండవచ్చునన్న తన యూహను తెలిపి, దానిని పరీక్షింపుమని కోరెను. గురుశిష్యుల నడుమ పిదప వందకు పైగా ఉత్తరములు నడచినవి.

1895లో రాస్ సికిందరాబాదు చేరి పని ప్రారంభించెను. ఆ పని చెప్పినంత సులభము కాదు. పిల్లలనుండి దోమలను పెంచవలెను. వానిచే మలేరియా రోగిని కుట్టింపవలెను. కొన్నిదినములు బ్రదికించి, చంపి, సూదిమొనతో చీల్చి, ఆవగింజకంటె చిన్నదగు దాని పొట్టను అణువణువును పరీక్షింపవలెను. దేనిని వెదకుచున్నాడో దాని రూపమెట్లుండునో కూడ తెలియదు. రెండేండ్లలో ఆయన లెక్కలేనన్ని దోమలను కోసి చూచెను. ఫలము శూన్యము. అవి మలేరియాను మోయని జాతివి కావుటయే కారణమని అప్పటి కెవ్వరికిని తెలియదు. నడుమ బెంగుళూరున కలరా నివారణకై పోవలసి వచ్చెను. ఉదకమండలము దాపున పరిశోధింపబోయి తానే మలేరియాకు చిక్కెను. అయినను పట్టు విడువలేదు.

1897 వేసవి ముగియుచుండగా ఆయన మఱల సికిందరాబాదులో, బేగంపేటయందలి చిన్న వైద్యశాలలో కూర్చుండెను. ఉక్క భరింపరానిది. పంకా లాగించినచో కోసిన దోమలు ఎగిరిపోవును గనుక దానిని మానుకొనెను. నుదుటి చెమట తడిసి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి. మిగిలిన ఒక్క కంటియద్దము పగుళ్లువాఱినది. ఆ దినములలో ఆయన మనుష్యు లొక క్రొత్త రకపు దోమపిల్లలను తెచ్చిరి. వాని రెక్కలపై మచ్చలుండెను. ఆగస్టు 16వ తేదిని హుసేన్ ఖాన్ అను రోగిని ఆ దోమలచే కుట్టించిరి. దోమకొక యణా చొప్పున ఆతనికి కూలి ముట్టెను. చరిత్రలో వెలసిన ఈ విజయమున ఆ పేదవాని నెత్తురును కలిసియున్నది.

ఆగస్టు 20వ తేది మధ్యాహ్నమునకు చేతనున్న దోమలు మిక్కిలి తక్కువ. రాస్ అలసిన కన్నులతో ఒకదాని జీర్ణాశయపు గోడను పరీక్షించుచుండెను. అక్కడ గుండ్రని కణ మొకటి కనబడెను. దానిలో నల్లని రేణువులుండెను. రోగి రక్తమందలి మలేరియా జీవిలో కనబడు రేణువులవంటివే యవి. అట్టి కణములు మఱికొన్నియు కనబడెను. మఱునాడు మిగిలిన దోమను కోసి చూడగా ఆ కణములు ఇంకను పెద్దవై యుండెను. అనగా అవి పెరుగుచున్న ప్రాణులన్నమాట. రోగినుండి దోమకు జీవి చేరినదనుటకు ఇక సంశయము లేదు. రాస్ ఆనందము పద్యరూపము దాల్చెను. దూరముగ నున్న భార్యకు ఆయన ఆ పద్యమును ఉత్తరముతో పంపెను. ఎన్నియో యేండ్ల శ్రమలో పాలు పంచుకొన్న ఆమెకే ఆ శుభవార్త మొదట చేరుట ఉచితము గదా!

కాని విజయము వెంటనే విఘ్నము వచ్చెను. సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఆయనను రాజపుత్రస్థానమందలి ఖేర్వారాకు బదిలీ చేసిరి. అక్కడ మలేరియాయే అరుదు. 1898లో కలకత్తాకు మార్పు లభించిన తరువాతనే పని మఱల సాగెను. మనుష్యులలో పరిశోధన వీలుపడక ఆయన పక్షుల మలేరియాను ఎన్నుకొనెను. పిచ్చుకనుండి దోమకు చేరిన జీవి దాని పొట్టలో పెరిగి, పగిలి, లాలాజల గ్రంథులకు పోవుననియు, అదే దోమ ఆరోగ్యముగ నున్న పిచ్చుకను కుట్టినచో దానికి రోగము వచ్చుననియు ఆ జూలైలో నిరూపించెను. చక్రము పూర్తి యయ్యెను. అదే సంవత్సరమున ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీ మొదలగువారు మనుష్యుల మలేరియాలో ఈ చక్రమునే స్పష్టముగ చూపిరి.

1899లో రాస్ హిందూదేశము విడిచి లివర్‌పూలులోని ఉష్ణదేశవైద్య పాఠశాలలో ఉపన్యాసకుడయ్యెను. 1902లో నోబెల్ బహుమానము ఆయనను వరించెను. ఆ గౌరవమందిన ఆంగ్లేయులలో ఆయనయే మొదటివాడు. కాని ఆయన స్వభావమున ఒక లోపముండెను. తన కీర్తిలో పాలు కోరినవారిని సహింపలేకపోయెను. గ్రాసీతో ఆయన వివాదము చిరకాలము సాగినది. కడకు గురువగు మేన్సనుతోను మనస్పర్థలు కలిగెను. గొప్పవారి గుణములను అనుసరింతుము. వారి కోపతాపములను ఎఱిగి విడుతుము.

దోమయే కారణమని తెలిసిన పిమ్మట రోగము దానంతట పోలేదు. దోమలు పెరుగు నీటిని తొలగింపుడని రాస్ ఊరూర చాటెను. దోమలను రూపుమాపు దళములను ఎట్లు ఏర్పఱుపవలెనో తెలుపుచు పుస్తకము ప్రకటించెను. సూయజు కాలువ నొద్ద ఇస్మాయిలియా పట్టణమున ఈ విధానము చక్కగా ఫలించెను. కాని లాహోరు దాపునగల మియాన్ మీర్ దండులో జరిపిన ప్రయత్నము విఫలమైనదని అధికారులు తీర్మానించిరి. దోమలను ఒక్కటియు మిగులకుండ చంపుట అసాధ్యము. కొన్ని మిగిలినను రోగము మిగులును. కావున ఈ వ్యయమంతయు వ్యర్థమని పెక్కుమంది వాదించిరి. ఈ వాదము నెగ్గినచో చేతికందిన విద్య ప్రజలకు ఉపయోగపడకయే పోవును. కోట్లమంది ప్రాణములు ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడియుండెను. రాస్ దీనికి కోపముతోగాక గణితముతో సమాధానము చెప్ప నిశ్చయించెను.

మొదటి యాక్షేపణ యేమనగా, ఒకచోట దోమలను తొలగించినను ప్రక్కనుండి వచ్చి చేరును గదా యని. 1904లో రాస్ దీనిని విచారించెను. దోమ గమ్యమెఱిగి తిన్నగా ఎగురునది కాదు. ఒకమాఱు తూర్పునకు, ఒకమాఱు పడమరకు, తోచినవంక పోవును. అట్టి ప్రాణి ఎంత యెగిరినను పుట్టినచోటికి సమీపముననే తిరుగులాడును. మిక్కిలి దూరము చేరునవి కొన్ని మాత్రమే. కావున విశాలమైన స్థలమున నీటిని తొలగించినచో దాని నడుమ దోమలు నిశ్చయముగ తగ్గును. ఈ సమస్యను కార్ల్ పియర్సను అను గణితవేత్త అందుకొని ముందునకు సాగించెను. గమ్యములేని నడకను గూర్చిన ఆ గణితము నేడు ఎన్నో శాస్త్రములకు ఉపకరించుచున్నది.

రెండవ యాక్షేపణ మఱింత బలమైనది. 1907 చివర మారిషసు దీవిలో మలేరియా నివారణకు ఉపాయము చెప్పవలసినదిగా ఆయనకు పిలుపు వచ్చెను. అచటి యనుభవముతో వ్రాసి 1908లో సమర్పించిన నివేదికలో, 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథములో, ఆయన తన లెక్కను వివరించెను. దాని సారమును మన మొక కల్పిత ఉదాహరణముతో గ్రహింపవచ్చును.

ఒక గ్రామమున ఒక రోగి కలడనుకొందము. అతడు రోగముతో నున్న కాలమున 48 దోమలు అతని రక్తమును త్రాగినవి. రోగజీవి దోమలో పక్వమగుటకు పదిదినములవఱకు పట్టును. అంతవఱకు దోమలలో మూడవవంతు మాత్రమే బ్రదికినవనుకొన్నచో మిగిలినవి 16. వీనిలో కొన్ని పశువులను కుట్టును. కొన్నిటికి ఆహారమే దొరకదు. నాలుగవవంతు మాత్రమే మఱియొక మనుష్యుని కుట్టినచో అవి నాలుగు. అనగా ఒక రోగినుండి నలుగురు, నలుగురినుండి పదునాఱుగురు రోగులగుదురు. ఊరంతయు మంచము పట్టును. ఇపుడు ఊరివారు గుంటలు పూడ్చి దోమలను నాలుగవవంతునకు తగ్గించిరి. రోగిని కుట్టునవి 12, బ్రదుకునవి నాలుగు, మఱల మనుష్యుని కుట్టునది ఒకటి. ఒక రోగి కోలుకొనునప్పటికి ఒక క్రొత్త రోగి యేర్పడును. రోగము పెరుగదు, తరుగదు. ఇంకను సగము తగ్గించినచో ఇద్దఱు రోగులకు ఒక్కడే క్రొత్తరోగి. అప్పుడు రోగము క్రమముగ క్షీణించి అంతరించును. ఊరిలో దోమలు మాత్రము ఇంకను ఎగురుచునే యుండును.

ఇదియే రాస్ కనుగొన్న రహస్యము. రోగమును నిర్మూలించుటకు దోమలన్నిటిని చంపనక్కఱలేదు. వాని సంఖ్య ఒక హద్దునకు దిగువనుండునట్లు చూచిన చాలును. అసాధ్యమని తోచిన కార్యము దీనితో సాధ్యకోటిలోనికి వచ్చెను. దోమలను కొంత తగ్గించినను హద్దు దాటనిచో రోగము నిలిచియుండుననుటకును ఈ లెక్కలోనే కారణము దొరకును. తరువాత ఆయన దీనినే అవకలన సమీకరణముల రూపమున వ్రాసెను. మనుష్యులలోని రోగుల సంఖ్యయు, దోమలలోని రోగవాహకముల సంఖ్యయు ఒకదానిపై నొకటి ఆధారపడి ఎట్లు మాఱునో ఆ సమీకరణములు చూపెను.

1911లో ఆయనకు సర్ బిరుదము లభించెను. మఱుసటి యేట కాపురమును లండనునకు మార్చెను. అక్కడ ఆయన ఆలోచన మలేరియాను దాటి సర్వ సాంక్రామిక వ్యాధులకు వ్యాపించెను. ఏ రోగమైనను ఒకనినుండి మఱియొకనికి ప్రాకునపుడు, జనన మరణములు, వలసలు, కోలుకొనుటలు అన్నియు గణించి, దాని గతిని ముందుగ లెక్కింపవచ్చునని ఆయన విశ్వాసము.

ఈ పనిలో నుండగనే ఇంటికి పిడుగువంటి వార్త వచ్చెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. పెద్దకుమారుడు కాంబెల్ సైన్యమున చేరి ఫ్రాన్సునకు పోయియుండెను. ఆగస్టు 26వ తేదిని ల కాటో యుద్ధమున అతడు నేలకొఱిగెను. ఇరువదియేండ్లైనను నిండలేదు. దోమలో రోగజీవిని కనుగొన్న దినమును రాస్ ఏటేట పండుగగా తలచెడివాడు. ఇపుడు ఆ పండుగ వెడలిన ఆఱవనాడే పుత్రుని తద్దినమును వచ్చుచుండెను. పరుల బిడ్డలను కాపాడు విద్య నెఱిగిన తండ్రి తన బిడ్డను కాపాడుకొనలేకపోయెను. అయినను ఆయన లేఖిని ఆగలేదు. అంటువ్యాధుల గణితముపై ఆయన వ్యాసము 1916లోను, హిల్డా హడ్సను అను గణిత విదుషీమణితో కలిసి వ్రాసిన తరువాతి భాగములు 1917లోను రాయల్ సొసైటీవారి పత్రికలో ప్రకటింపబడెను. యుద్ధపు సందడిలో వానిని చదివినవారు కొలదిమందియే.

రాస్ ధనవంతుడు కాలేదు. మశూచికి టీకా కనుగొన్న జెన్నరుకు వలెనే తనకును పారితోషిక మొసగుడని 1913లో ప్రభుత్వమునకు మనవి చేసికొనగా అది తిరస్కరింపబడెను. 1926లో ఆయన పేర లండనులో ఒక పరిశోధనాలయము వెలసెను. 1927 జనవరిలో కలకత్తాలో ఆయన పనిచేసిన వైద్యశాల నొద్ద నిర్మించిన స్మారకద్వారపు ఆవిష్కరణోత్సవమునకు ఆయన వచ్చెను. ఆ సంవత్సరమే పక్షవాతము సోకెను. మఱుసటి యేట భార్యాబిడ్డల పోషణకై తన ఉత్తరములను, పరిశోధన పత్రములను అమ్ముకొనవలసి వచ్చెను. 1931లో రోజా గతించెను. నలువది రెండేండ్ల తోడు తొలగిన పిమ్మట ఆయన ఒక్క సంవత్సరము మాత్రము బ్రదికి, 1932 సెప్టెంబరు 16వ తేదిని తన పేర వెలసిన పరిశోధనాలయముననే కన్నుమూసెను. భార్య సమాధి చెంతనే ఆయనను సమాధి చేసిరి.

కాని ఆయన నాటిన విత్తనము వృథా కాలేదు. 1901లో ఆయనతో సియెర్రా లియోనునకు వెళ్లిన యువవైద్యుడు మెకెండ్రికు, రాస్ ప్రోత్సాహముచే గణితము నభ్యసించెను. ఆయనయు, రసాయనశాలలో జరిగిన ప్రమాదమున చూపు కోల్పోయిన కెర్మాకు అను శాస్త్రజ్ఞుడును కలిసి 1927లో అంటువ్యాధుల గణితమున సుప్రసిద్ధమైన వ్యాసమును వెలువరించిరి. 1950 తరువాత రాస్ పరిశోధనాలయపు అధిపతి జార్జి మెక్‌డొనాల్డు మలేరియా లెక్కలను మఱింత పెంపొందించెను. 2020లో కోవిడు వ్యాధి లోకమును చుట్టుముట్టినపుడు దేశదేశముల ప్రభుత్వములు శాస్త్రజ్ఞులను అడిగిన మొదటి ప్రశ్న, ఒక రోగినుండి ఎందఱికి ఈ రోగము సోకును అనునదే. ఆ సంఖ్య ఒకటికంటె తగ్గినచో వ్యాధి క్షీణించుననిరి. పండ్రెండు దోమల లెక్కలో మనము చూచినది ఆ సత్యమునే.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనము నేటికిని ఆయన పేర నిలిచియున్నది. ఆగస్టు 20వ తేదిని ప్రపంచమంతట దోమల దినముగ పాటించుచున్నారు. మలేరియా ఇంకను ఏటేట లక్షలమందిని, ముఖ్యముగ ఆఫ్రికా ఖండపు పసిబిడ్డలను, పొట్టన పెట్టుకొనుచునే యున్నది. కావున ఆయన ప్రారంభించిన పని ముగియలేదు. మన యింటిచుట్టు నిలిచిన నీటిని పాఱబోసినపుడు మనమును ఆ పనిలో ఒక చేయి వేసినవారమగుదుము. ఒక్క తొట్టివలన ఏమగునని సందేహింపవలదు. హద్దునకు దిగువకు చేర్చునది ఆ యొక్క తొట్టియే కావచ్చును.